టెక్సాస్ ఎండల్లో ఇంట్లో బీరు: మొదటిసారి చేస్తున్నా, సలహాలు కావాలి

పాలమూరు_ప్లేనో (ప్లేనో, టెక్సాస్)

అందరికీ నమస్తే. నేనుండేది ప్లేనోలో, అపార్ట్‌మెంట్‌లో. ఇంట్లో బీర్ చేసుకోవాలన్న కోరిక చాలా రోజుల నుంచి ఉన్నది. మొన్న హోమ్‌బ్రూ దుకాణంలో ఐదు గ్యాలన్ల కిట్ తెచ్చిన. ఆరున్నర గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్, గ్యాస్ బయటికి పోనిచ్చి గాలి లోపలికి రానియ్యని ఎయిర్‌లాక్, కింద కుళాయి ఉన్న ఇంకో బకెట్, సైఫన్ గొట్టం, చక్కెర ఎంతున్నదో కొలిచే హైడ్రోమీటర్, మూతలు బిగించే క్యాపర్ ఉన్నయి. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పూలు), ఈస్ట్ ఇంకా కొనలేదు. మీరు చెప్పినంక కొందామని ఆగిన.

నెట్‌లో చదువుతుంటే తలో మాట చెప్తున్నరు. జూలైలో ఇక్కడి ఎండ సంగతి మీకు తెలుసు. ఏసీ 76 ఫారన్‌హీట్ మీద పెడితేనే బిల్లు మోయలేకపోతున్నం. ఆ వేడికి బీర్ చెడిపోతదా? పొయ్యి కరెంట్ కాయిల్‌ది, దాని మీద ఐదు గ్యాలన్లు మరుగుతయా? నల్లా నీళ్లు వాడొచ్చునా, సీసా నీళ్లు కొనాల్నా? ఇంకోటి, నేను హెచ్-1బి మీద ఉన్న. చట్టపరంగ ఏమన్న ఇబ్బంది ఉంటదా? అనుభవం ఉన్నోళ్లు జర వివరంగ చెప్పండి.

ఈస్ట్ గోదావరి (మెకిన్నీ, టెక్సాస్)

స్వాగతం తమ్ముడూ. ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడాన్ని అనుమతించే బిల్లు మీద జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం పెట్టాడు. 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు. రాష్ట్రాలు కూడా ఒప్పుకోవాలి కాబట్టి కొన్నిచోట్ల ఆలస్యమైంది, అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. టెక్సాస్‌లో ఏ ఇబ్బందీ లేదు. అమ్మకూడదు, అంతే. పార్టీకి వచ్చినవాళ్ల దగ్గర సీసాకి రెండు డాలర్లు తీసుకున్నా అది అమ్మకమే. వీసా మీద ఉన్నవాడివి, ఆ వైపు అసలు వెళ్లకు.

ఇక అసలు విషయం. కొత్తవాళ్లందరూ రెసిపీ గురించి కొట్టుకుంటారు. ఏ హాప్స్, ఏ మాల్టు, ఎన్ని నిమిషాలు అని. బీరు బాగుండడం, బాగుండకపోవడం అక్కడ తేలదు. వోర్ట్‌లో, అంటే మాల్టుతో మరగబెట్టిన తీపి నీళ్లలో, ఈస్ట్ వేసిన మొదటి మూడు రోజులు ఆ బకెట్ లోపలి వేడి ఎంత ఉందన్న దాని మీదే తేలుతుంది. మామూలు రెసిపీతో చేసినా ఆ మూడు రోజులు చల్లగా ఉంచితే మంచి బీరు వస్తుంది. ఖరీదైన హాప్స్ పోసి, బకెట్‌ని 80 డిగ్రీల గదిలో వదిలేస్తే సారా ఘాటు వస్తుంది.

ఎందుకంటే ఈస్ట్ పనిచేసేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. జోరు మీద ఉన్నప్పుడు బకెట్ లోపల గదికంటే మూడు నుంచి ఐదు సెల్సియస్ డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. నీ గది 76 అంటే దాదాపు 24.5 సెల్సియస్. లోపల 28, 29 దాటేస్తుంది. ఆ వేడిలో ఈస్ట్ ఘాటుగా ఉండే ఫ్యూజల్ ఆల్కహాల్స్‌ని, అరటిపండు వాసన ఇచ్చే ఎస్టర్లని ఎక్కువగా వదులుతుంది. గొంతులో మంట, పొద్దున్నే తలనొప్పి. రుచికి సంబంధించినవన్నీ ఈస్ట్ పెరిగే ఆ తొలి రోజుల్లోనే తయారవుతాయి, తర్వాత చల్లబరిచినా పోవు.

ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. పెద్ద ప్లాస్టిక్ తొట్టి కొను, బకెట్ అందులో పెట్టు, బీరు మట్టం దాకా తొట్టిలో నీళ్లు పొయ్యి. బకెట్‌కి పాత కాటన్ టీషర్ట్ తొడుగు, దాని కింది అంచు నీళ్లలో మునిగి ఉండాలి. పక్కన చిన్న ఫ్యాన్ పెట్టు. గుడ్డ నీళ్లు పీల్చుకుంటూ ఆరుతుంటే, ఎండాకాలం కొత్తకుండలో నీళ్లు చల్లబడ్డట్టే బకెట్ చల్లబడుతుంది. నీళ్లు గడ్డకట్టించిన లీటరు సీసాలు ఫ్రీజర్లో నాలుగు ఉంచుకో. పొద్దున రెండు, రాత్రి రెండు తొట్టిలో వేస్తూ మారుస్తుండు. బకెట్‌కి అతికించే థర్మామీటర్ పట్టీలు రెండు మూడు డాలర్లకి దొరుకుతాయి. గది వేడి చూడకు, ఆ పట్టీ మీద అంకె చూడు. 64 నుంచి 68 ఫారన్‌హీట్ మధ్య, అంటే 18 నుంచి 20 సెల్సియస్‌లో ఉండాలి. నాలుగో రోజు నుంచి ఐస్ సీసాలు మానెయ్యి, మెల్లగా 72 దాకా పోనీ. అప్పుడు ఈస్ట్ మిగిలిన పని శుభ్రంగా ముగిస్తుంది.

లాబ్ కోటు (ఆస్టిన్)

ఈస్ట్ గోదావరి గారు చెప్పిన దానితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. దానికి ముందు మెట్టు ఒకటుంది, శుభ్రత. నేను పనిచేసేది మైక్రోబయాలజీ ల్యాబ్‌లో కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను.

కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. మురికి పోయాకే శానిటైజర్ పనిచేస్తుంది. ముందు పీబీడబ్ల్యూ లాంటి వాసన లేని క్లీనర్‌తో కడిగి, నీళ్లతో తొలిచి, తర్వాత స్టార్ శాన్ అనే శానిటైజర్ వాడండి. ఐదు గ్యాలన్ల నీళ్లకు ఒక ఔన్సు, అంటే గ్యాలన్‌కి ఆరు మిల్లీలీటర్లు. ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంటే చాలు. మళ్లీ నీళ్లతో కడగకూడదు. నురగ మిగిలిపోతుంది, ఆ నురగతో బీరుకు ఏ నష్టం లేదు. స్ప్రే సీసాలో కొంచెం పోసుకుని చేతికి అందేలా ఉంచుకోండి. కత్తెర, ఈస్ట్ ప్యాకెట్ అంచు, మీ చేతులు, మూత, అన్నిటి మీదా కొట్టండి. బ్లీచ్ వద్దు. క్లోరిన్ జాడ మిగిలితే బీరంతా ఆసుపత్రి వాసన వస్తుంది.

మరగబెట్టేముందు తాకే వస్తువులు మామూలుగా శుభ్రంగా ఉంటే చాలు. వోర్ట్ చల్లారిన క్షణం నుంచి దాన్ని తాకే ప్రతిదీ శానిటైజ్ అయి ఉండాలి.

మీ కిట్‌లో కుళాయి ఉన్న బకెట్ గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను. ఆ కుళాయిని ప్రతిసారీ విప్పాలి. లోపలి గొట్టాన్ని బయటి గొట్టంలోంచి తోసి బయటికి తీస్తే రెంటి మధ్యా జిగురుగా గోధుమరంగు పొర కనిపిస్తుంది. రబ్బరు వాషర్ వెనకా అంతే. బయటికి తళతళలాడుతున్నా లాక్టో బ్యాక్టీరియా అక్కడే కాపురం పెడుతుంది, సీసాల్లోకి వెళ్లాక బీరంతా పులుస్తుంది. ఇంకోటి, ప్లాస్టిక్ బకెట్‌ని ఇనుప పీచుతో గాని గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో గాని రుద్దొద్దు. గీతలు పడితే ఆ గీతల్లోకి శానిటైజర్ వెళ్లదు, బ్యాక్టీరియా వెళ్తుంది.

కృష్ణాతీరం (మెల్‌బోర్న్)

బకెట్లు, తొట్టెలు అన్నీ బాగున్నాయి గానీ, ఇలాంటి కిట్ తెచ్చినవాళ్లంతా మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో, అంటే మాల్టులోని చక్కెరని ముందే తీసి పొడిగానో పాకంగానో అమ్మేదానితో చేస్తారు. తమ్ముడు కూడా దానితోనే ఎందుకు మొదలుపెట్టాలి? నేరుగా గింజలతో చేయొచ్చు కదా. సంచి పద్ధతి మా ఆస్ట్రేలియా వాళ్లు మొదలుపెట్టిందే. ఒక్క పెద్ద గిన్నె, ఒక మెష్ సంచి. మర పట్టించిన బార్లీ మాల్టు సంచిలో పోసి 66, 67 సెల్సియస్ నీళ్లలో గంటసేపు ఉంచితే పిండి చక్కెరగా మారుతుంది. సంచి ఎత్తి పిండేసి మరగబెట్టడమే. ఖర్చు సగం, రుచి మన చేతిలో. 65 దగ్గర ఉంచితే తేలికైన బీరు, 69 దగ్గర ఉంచితే చిక్కనిది.

ఈస్ట్ గోదావరి (మెకిన్నీ, టెక్సాస్)

కృష్ణాతీరం గారూ, పద్ధతి మంచిదే, నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను. కానీ ఆయనది కరెంట్ కాయిల్ పొయ్యి. సంచి పద్ధతికి ఏడు గ్యాలన్ల దాకా నీళ్లు కాగాలి, ఆ పొయ్యి మీద అది కుతకుతలాడదు, గోరువెచ్చగా మూలుగుతుంటుంది. ప్రొపేన్ బర్నర్ తెచ్చుకుందామంటే అపార్ట్‌మెంట్. లోపల గాని, తలుపు మూసిన గ్యారేజీలో గాని ప్రొపేన్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోతాయి. బాల్కనీలో చాలా కాంప్లెక్స్‌లు ఒప్పుకోవు. మొదటిసారి ఎక్స్‌ట్రాక్ట్‌తో చేస్తే ఆయన దృష్టంతా శుభ్రత మీద, వేడి మీద నిలుస్తుంది. ఆ రెండూ చేతికి అలవాటయ్యాక గింజలు ఎక్కడికీ పోవు.

కృష్ణాతీరం (మెల్‌బోర్న్)

కాయిల్ పొయ్యి సంగతి సరిగా చదవలేదు. అయితే రెండున్నర గ్యాలన్ల చిన్న బ్యాచ్‌కి సంచి పద్ధతి ఆ పొయ్యి మీదా కుదురుతుంది. రెండోసారికి గుర్తు పెట్టుకోండి తమ్ముడూ.

పాలమూరు_ప్లేనో (ప్లేనో, టెక్సాస్)

చాలా థాంక్స్ అన్నా, అక్కా. ఎక్స్‌ట్రాక్ట్‌తోనే మొదలుపెడత. నీళ్ల సంగతి, రెసిపీ సంగతి కూడా చెప్పండి.

లాబ్ కోటు (ఆస్టిన్)

నీళ్ల గురించి నేను చెప్తాను. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్ అన్నిటికీ నీళ్లిచ్చేది నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్. వాళ్లు వాడేది క్లోరమైన్. క్లోరిన్ అయితే రాత్రంతా గిన్నెలో ఉంచినా, మరగబెట్టినా ఎగిరిపోతుంది. క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. అది మాల్టులోని ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్ అవుతుంది. అణువంత ఉన్నా నాలుకకు తెలిసిపోతుంది, బ్యాండ్-ఎయిడ్ వాసన.

క్యాంప్‌డెన్ మాత్ర వాడండి. అది పొటాషియం మెటాబైసల్ఫైట్. ఒక మాత్ర 20 గ్యాలన్ల నీళ్లకు సరిపోతుంది కాబట్టి మీకు పావు మాత్ర కంటే కాస్త ఎక్కువ చాలు. నలిపి నీళ్లలో వేసి కలిపితే కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది. పైనుంచి కలపబోయే నీళ్లకు కూడా వేయాలి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. ఏటా మార్చిలో ఆ సంస్థ కొన్ని వారాల పాటు పూర్తిగా క్లోరిన్‌కి మారుతుంది, అప్పుడు నల్లా విప్పితే వాసన గుప్పుమంటుంది. ఆ మాత్ర రెంటికీ పనిచేస్తుంది కాబట్టి మీరేం మార్చక్కర్లేదు. సీసా నీళ్లు కొనాల్సిన పనిలేదు.

ఈస్ట్ గోదావరి (మెకిన్నీ, టెక్సాస్)

రెసిపీ ఇదిగో. అమెరికన్ పేల్ ఏల్ అనే లేతరంగు బీరు, ఐదు గ్యాలన్లకి, అంటే 19 లీటర్లకి. లైట్ డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఆరు పౌండ్లు, అంటే 2.7 కిలోలు. క్రిస్టల్ 40 మాల్టు అర పౌండు, దుకాణంలోనే మర పట్టించుకో. కాస్కేడ్ హాప్స్ మూడు ఔన్సులు. కాస్కేడ్ 1972లో ఆరెగాన్ పరిశోధన నుంచి బయటికొచ్చిన రకం. అమెరికన్ పేల్ ఏల్‌కి ఆ గ్రేప్‌ఫ్రూట్ (పంపరపనస లాంటి పండు) తొక్క వాసన దాని వల్లే వచ్చింది. మొదటి బీరుకి అంతకంటే నమ్మకమైన హాప్ లేదు. ఈస్ట్ యూఎస్-05, 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి.

మూడు గ్యాలన్ల నీళ్లు పొయ్యి మీద పెట్టు. క్రిస్టల్ మాల్టు గుడ్డ సంచిలో కట్టి, నీళ్లు 155 ఫారన్‌హీట్ దగ్గర ఉండగా అరగంట నానబెట్టి తీసెయ్యి. పొయ్యి కట్టేసి అప్పుడు సగం ఎక్స్‌ట్రాక్ట్ కలుపు. కాయిల్ ఎర్రగా ఉండగా పోస్తే అడుగంటి మాడుతుంది. గిన్నె మీద ఆవిరి లేస్తుంటే పొడి ప్యాకెట్ నోటి దగ్గరే గడ్డ కడుతుంది, అందుకని పొడిగిన్నెలోకి ముందే ఒంపుకుని ఒక్క ఊపున పొయ్యి. మరుగు వచ్చేదాకా మూత సగం వెయ్యొచ్చు. మరుగు వచ్చాక మూత తీసెయ్యాలి, లేకపోతే ఉడికిన మొక్కజొన్న వాసన ఇచ్చే డీఎంఎస్ ఆవిరిలో పోకుండా మళ్లీ గిన్నెలోకే కారుతుంది. తొలి మరుగులో నురగ అమాంతం పైకి పొంగుతుంది, ఆ పది నిమిషాలు గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడు.

నురగ దిగాక ఒక ఔన్సు హాప్స్ వేసి గంట లెక్కపెట్టు. ఇది చేదుకి. చివర పదిహేను నిమిషాలు ఉండగా ఇంకో ఔన్సు, అప్పుడే మిగతా సగం ఎక్స్‌ట్రాక్ట్ పొయ్యి కట్టేసి కలిపి, మళ్లీ మరుగు రానీ. పొయ్యి ఆర్పాక ఆఖరి ఔన్సు. మొత్తం ఎక్స్‌ట్రాక్ట్ మొదటే వేస్తే రంగు ముదురుతుంది, హాప్స్ చేదు కూడా సరిగా దిగదు.

చల్లార్చడంలో మనకి ఇంకో చిక్కు. జూలైలో డాలస్ చుట్టుపక్కల నల్లా నీళ్లే 80 దాటి వస్తాయి. రాగి చుట్ట ఉన్న చిల్లర్ పెట్టినా అంతకంటే కిందికి దించలేదు. అందుకని రెండున్నర గ్యాలన్ల నీళ్లు ముందురోజే మరగబెట్టి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచు. గిన్నెని బాత్‌టబ్‌లో ఐస్ నీళ్లలో దింపి కదుపుతూ తొంభై ఫారన్‌హీట్ దాకా దిగాక, బకెట్‌లో ఈ చల్లటి నీళ్లతో కలిపేస్తే 65 దగ్గరికి వస్తుంది. బాగా కుదిపి గాలి పట్టించు, హైడ్రోమీటర్ రీడింగ్ రాసుకో, ఈస్ట్ చల్లు. 1.053, 1.055 మధ్య రావాలి. పైనుంచి నీళ్లు కలిపినప్పుడు సరిగా కలవకపోతే రీడింగ్ తప్పు చూపిస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్ లెక్క తప్పదు, కంగారు పడకు.

నల్లకుంట కుర్రాడు (హైదరాబాద్)

చర్చ చాలా బాగుంది అన్నా. ఇక్కడ హైదరాబాద్‌లో కూడా ఈ సామాను ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మనం చేసుకోవచ్చా? అమ్మడానికి కాదు, నాకోసమే.

వేదిక నిర్వాహకులు

కుదరదండి. తెలంగాణలో గాని, ఆంధ్రప్రదేశ్‌లో గాని 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. ఇంటి వాడకానికి అయినా అంతే. సామాను దొరకడం వేరు, బీరు చేయడానికి అనుమతి ఉండడం వేరు. ఈ చర్చలోని సలహాలు ఇంట్లో చేసుకోవడం చట్టబద్ధమైన దేశాల్లో ఉన్నవారికే. అలాగే ఇంట్లో బట్టీ పెట్టి మద్యం దించడం గురించి ఇక్కడ చర్చించం. అమెరికాలో కూడా బీరుకి ఇచ్చిన మినహాయింపు దానికి లేదు.

థేమ్స్ తీరం (రెడింగ్, ఇంగ్లండ్)

నల్లకుంట తమ్ముడూ, ఊరికే నిరాశపడకు. హైదరాబాద్‌లో ఇప్పుడు మైక్రోబ్రూవరీలు బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం జనం లేని వేళ వెళ్లి అడిగితే బ్రూయర్లు ట్యాంకులు చూపించి మాట్లాడతారు. గోధుమ బీరులో అరటి వాసన ఎక్కడినుంచి వస్తుంది, స్టౌట్‌కి ఆ కాఫీ రుచి ఏ మాల్టుది అని రుచి పట్టుకోవడం నేర్చుకో. రేపు ఏ దేశం వెళ్లినా ఆ నాలుకే పనికొస్తుంది. మా ఇంగ్లండ్‌లో కూడా 1963 దాకా ఇంట్లో చేసుకోవడానికి లైసెన్సు కావాల్సి వచ్చేది.

పాలమూరు_ప్లేనో (ప్లేనో, టెక్సాస్)

శనివారం చేసిన! రీడింగ్ 1.054 వచ్చింది. తొట్టి, టీషర్ట్, ఫ్యాన్ అన్నీ పెట్టిన. పట్టీ 66 చూపిస్తున్నది. కానీ ఇరవై గంటలైంది, ఎయిర్‌లాక్‌లో ఒక్క బుడగ కూడా లేదు. ఈస్ట్ చచ్చిపోయిందా? ఇంకో ప్యాకెట్ వెయ్యాల్నా?

లాబ్ కోటు (ఆస్టిన్)

ఏమీ వేయకండి, మూత కూడా తీయకండి. 66 డిగ్రీల దగ్గర పొడి ఈస్ట్ ఒక రోజు, ఒక్కోసారి రోజున్నర తీసుకుంటుంది. అది ముందు వోర్ట్‌లోని ఆక్సిజన్ తీసుకుని పెరుగుతుంది, ఆ తర్వాతే బుడగలు. పైగా బకెట్ మూత అంచు కొంచెం వదులుగా ఉన్నా గ్యాస్ అటునుంచి పోతుంది, ఎయిర్‌లాక్ కదలదు. బకెట్ గోడకు టార్చి పెట్టి చూడండి, పైన తెల్లటి తెట్టు కడుతుంటే పని మొదలైనట్టే. మూడు రోజులు దాటినా ఏమీ కనిపించకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

పాలమూరు_ప్లేనో (ప్లేనో, టెక్సాస్)

అక్కా, మీరు చెప్పినట్టే రాత్రికి టార్చి పెట్టి చూస్తే రెండించుల నురగ. ఇప్పుడు ఎయిర్‌లాక్ ఆగకుండ కొట్టుకుంటున్నది. మా ఇంటామె వచ్చి ఇదేం చప్పుడు అని అడిగింది. ఐస్ సీసాలు మారుస్తున్న, 65, 67 మధ్య ఉంటున్నది.

థేమ్స్ తీరం (రెడింగ్, ఇంగ్లండ్)

బాగుంది. ఇక సీసాల్లో నింపే సంగతి చెప్తాను, ఎందుకంటే ప్రమాదం ఉన్నది అక్కడే.

బుడగలు ఆగిపోయాయని నింపకండి. బుడగ ఏమీ రుజువు చేయదు. రెండు వారాలకు హైడ్రోమీటర్ రీడింగ్ తీయండి, మూడు రోజులాగి మళ్లీ తీయండి. రెండూ ఒకటే ఉంటేనే ఈస్ట్ పని ముగిసినట్టు. మీ రెసిపీకి 1.010, 1.013 మధ్య రావాలి. ఇంకా చక్కెర మిగిలి ఉండగా మూత బిగిస్తే సీసాలో ఒత్తిడి పెరిగి పేలుతుంది. గాజు ముక్కలు గోడలోకి దిగేంత బలంగా పేలుతుంది, పిల్లలున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త.

గ్యాస్ పట్టడానికి 19 లీటర్లకి 120 గ్రాముల కార్న్ షుగర్. ఇంట్లో వాడే పంచదార అయితే 110. స్పూన్లతో కొలవొద్దు, తూకం వేయండి. రెండు కప్పుల నీళ్లలో మరిగించి, చల్లార్చి, కుళాయి బకెట్ అడుగున పోసి, దాని మీదికి సైఫన్‌తో బీరు దించండి. గొట్టం చివర అడుగున ఆని ఉండాలి. నీళ్లు పడ్డట్టు చప్పుడు రాకూడదు. ఈస్ట్ వేసేముందు గాలి మంచిది, ఈ దశలో అదే గాలి తగిలితే కొన్ని వారాల్లో తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. అడుగున మడ్డి దాకా పోకుండా పైనే ఆపేయండి.

తిప్పితే ఊడే మూతల సీసాలు వద్దు, ఓపెనర్‌తో తీసేవే కావాలి. గోధుమరంగువి వాడండి. ఆకుపచ్చ, తెల్ల సీసాల్లోకి వెలుతురు వెళ్తే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి స్కంక్ వాసన పుడుతుంది. పన్నెండు ఔన్సుల సీసాలు నలభై ఎనిమిది దాకా పడతాయి. నింపాక వాటిని చల్లగా ఉంచొద్దు, 70, 75 ఫారన్‌హీట్ మధ్య రెండు వారాలు చీకట్లో ఉంచండి. మీ ఏసీ 76 ఇప్పుడు పనికొస్తుంది. అన్నీ ఒక మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఒకవేళ ఏదైనా పగిలినా అందులోనే ఉంటుంది.

జొన్నరొట్టె (ఎడిసన్, న్యూజెర్సీ)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది కర్నూలు. మా ఆవిడకు సీలియాక్, గ్లూటెన్ అస్సలు పడదు. మన జొన్నలతో, రాగులతో బీరు అవుతుందా? ఇంట్లోనే జొన్నలు మొలకెత్తించి చేద్దామని ఆలోచన.

కృష్ణాతీరం (మెల్‌బోర్న్)

అవుతుందండి, ఆఫ్రికాలో తరతరాలుగా చేస్తున్నారు. దక్షిణాఫ్రికాలో ఉమ్‌కొంబోతి, బుర్కినా ఫాసోలో డోలో, రెండూ జొన్న బీర్లే. నైజీరియా 1988లో బార్లీ మాల్టు దిగుమతి ఆపేస్తే అక్కడి పెద్ద కంపెనీలు కూడా జొన్నకి మారాయి.

ఇంట్లో చేసేటప్పుడు చిక్కేమిటంటే, జొన్న పిండి ఉడకడానికి 70 సెల్సియస్ పైన కావాలి. పిండిని చక్కెర చేసే ఎంజైములు ఆ వేడికి చచ్చిపోతాయి. బార్లీలో రెండూ ఒకే వేడి దగ్గర కుదురుతాయి, ఇక్కడ కుదరవు. అందుకని జొన్నని విడిగా ఉడికించి, చల్లార్చి, బయట దొరికే ఎంజైములు కలపాల్సి వస్తుంది. రాగి మొలకకు చిరుధాన్యాల్లో శక్తి బాగానే ఉంది గాని బార్లీ అంత లేదు. ముందు తెల్లజొన్న సిరప్‌తో మొదలుపెట్టండి, అమెరికాలో హోమ్‌బ్రూ దుకాణాల్లో గ్లూటెన్ లేని ఎక్స్‌ట్రాక్ట్ అని అమ్ముతారు.

లాబ్ కోటు (ఆస్టిన్)

జొన్నరొట్టె గారూ, మొలకెత్తించే ఆలోచన దగ్గర ఒక్క క్షణం ఆగండి. లేత జొన్న చేలో పడి మేసిన పశువులు చచ్చిపోవడం మీ వైపు చూసే ఉంటారు. దానికి కారణం ధురిన్ అనే పదార్థం, కడుపులో అది సయనైడ్ వదులుతుంది. అదే ధురిన్ మొలకెత్తిన జొన్న మొలకలో, వేరులో ఉంటుంది. సంప్రదాయంగా చేసేవాళ్లు బాగా ఎండబెట్టి, మొలకలు, వేళ్లు రాల్చేసి, తర్వాత ఉడికిస్తారు. అది తెలియకుండా పచ్చి మొలకలతో చేయకండి. సిరప్ వాడితే ఈ బెడద లేదు.

సీలియాక్ కాబట్టి ఇంకో మాట. బార్లీకి వాడిన ప్లాస్టిక్ బకెట్లు, గొట్టాలు ఆమె బీరుకి వాడొద్దు, కొత్తవి కొనండి. ద్రవరూపంలో వచ్చే ఈస్ట్‌ని చాలావరకు బార్లీ వోర్ట్‌లోనే పెంచుతారు, గ్లూటెన్ లేదని ప్యాకెట్ మీద రాసి ఉన్న పొడి ఈస్ట్ తీసుకోండి. బార్లీ బీరులో ఎంజైము వేసి గ్లూటెన్ తగ్గించామని చెప్పేవి ఉంటాయి. సీలియాక్ ఉన్నవాళ్లకు అవి నమ్మదగ్గవి కావు.

ఈస్ట్ గోదావరి (మెకిన్నీ, టెక్సాస్)

గ్లూటెన్ ఇబ్బంది లేనివాళ్లకి మన వంటింటి నుంచి ఒకటి చెప్తాను. అటుకులు. బియ్యంతో బీరు తేలిగ్గా, పొడిగా వస్తుంది, కొన్ని అమెరికన్ లాగర్లలో పడేది అదే. బియ్యమైతే ముందు మెత్తగా ఉడికించాలి. అటుకులు వడ్లని నానబెట్టి వేయించి దంచినవి కాబట్టి పిండి ముందే ఉడికిపోయి ఉంటుంది. సంచిలో బార్లీ మాల్టుతో పాటు నేరుగా కలిపేయొచ్చు, మొత్తం గింజల్లో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా. ఇండియన్ స్టోర్‌లో పలచటి అటుకుల ప్యాకెట్ హోమ్‌బ్రూ దుకాణంలో రైస్ ఫ్లేక్స్ కంటే చవక. ఉప్పు, పసుపు కలపనివి చూసుకోవాలి. ఎక్స్‌ట్రాక్ట్ పద్ధతిలో మాత్రం వేయొద్దు, అక్కడ ఎంజైములు ఉండవు, పిండి బీరులోనే తేలుతుంది.

పాలమూరు_ప్లేనో (ప్లేనో, టెక్సాస్)

1.012 దగ్గర ఆగింది. మూడు రోజులకు మళ్లీ చూసిన, అంతే ఉన్నది. లెక్క వేస్తే ఐదున్నర శాతం ఆల్కహాల్. సీసాలు నింపి వారం అయింది, ఒకటి తీసి చూసిన. గ్యాస్ కొంచెం పట్టింది. వాసన మంచిగున్నది, ఘాటు అసలే లేదు. కానీ పచ్చి ఆపిల్ రుచి సన్నగ తగులుతున్నది. ఇది చెడిపోయినట్టా? ఇంకోటి, వడకట్టిన హాప్స్ మడ్డి చెత్తబుట్టల ఉంటే పక్కింటి కుక్క దాని చుట్టే తిరుగుతున్నది.

లాబ్ కోటు (ఆస్టిన్)

ముందు కుక్క సంగతి. హాప్స్ కుక్కలకు విషం. తింటే ఒంటి వేడి అదుపు తప్పి పెరిగిపోతుంది, గంటల్లో ప్రాణం పోవచ్చు. ఆ మడ్డిని గట్టిగా మూటకట్టి వెంటనే బయటి డంప్‌స్టర్‌లో వేయండి, పక్కింటివాళ్లకు కూడా చెప్పండి. ఒకవేళ తిన్నట్టు అనుమానం ఉంటే ఆగకుండా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమనండి.

పచ్చి ఆపిల్ రుచి అసిటాల్డిహైడ్. బీరు ఇంకా లేతగా ఉందని గుర్తు. సీసాలోని ఈస్ట్ ఆ చక్కెర తింటూ దాన్ని కూడా మార్చుకుంటుంది. ఇంకో రెండు వారాలు కదపకండి. పుల్లటి రుచి వచ్చి, సీసా తీయగానే నురగ ఆగకుండా పొంగితే అప్పుడు ఇన్‌ఫెక్షన్ అని అనుమానించాలి. మీరు చెప్పినదాంట్లో అది లేదు.

పాలమూరు_ప్లేనో (ప్లేనో, టెక్సాస్)

మడ్డి అప్పుడే తీసేసిన, పక్కింటోళ్లకు చెప్పిన. కుక్క బాగానే ఉన్నది. ఇగ బీర్ ముచ్చట: రెండు వారాలు ఆగి, ఒక రోజంతా ఫ్రిజ్‌లో పెట్టి తీసిన. ఆపిల్ రుచి పోయింది! గ్రేప్‌ఫ్రూట్ వాసన, శుభ్రమైన చేదు. దోస్తులు దుకాణం బీర్ అనుకున్నరు. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఆగస్టులో ఇంకో బ్యాచ్ చేయాలని ఉన్నది. దోస్తులు లాగర్ చెయ్యమంటున్నరు. ఈ తొట్టితోనే అయితదా?

ఈస్ట్ గోదావరి (మెకిన్నీ, టెక్సాస్)

చాలా సంతోషం తమ్ముడూ. లాగర్ ఈ తొట్టితో అవదు. 10 నుంచి 13 సెల్సియస్ దగ్గర వారాల తరబడి నిలపాలి, చివర్లో రెండు మూడు రోజులు 18 దాకా పెంచి వెన్న వాసన ఇచ్చే డయాసిటిల్‌ని పోగొట్టాలి, మళ్లీ చల్లగా నిల్వ చేయాలి. దానికి పాత చెస్ట్ ఫ్రీజర్, ఇంక్‌బర్డ్ లాంటి టెంపరేచర్ కంట్రోలర్ కావాలి. అపార్ట్‌మెంట్లో చోటుంటే తర్వాత చూద్దాం.

ఆగస్టుకి నా మాట విని క్వైక్ ఈస్ట్ తీసుకో. నార్వే పల్లెల్లో రైతులు తరాలుగా దాచుకున్న ఈస్ట్ అది. పొడి రూపంలో వోస్ అనే రకం దొరుకుతుంది. దానికి 35 నుంచి 40 సెల్సియస్ హాయి. మిగతా ఈస్ట్‌లు పాడుచేసే వేడిలో ఇది కమలాపండు వాసనతో శుభ్రంగా మూడు నాలుగు రోజుల్లో ముగిస్తుంది. తొట్టి అక్కర్లేదు, ఐస్ సీసాలు అక్కర్లేదు. బకెట్‌కి దుప్పటి చుట్టి బాల్కనీ తలుపు దగ్గర గదిలో పెట్టెయ్యి, ఎండ మాత్రం నేరుగా తగలనివ్వకు. రెసిపీ అదే ఉంచి ఈస్ట్ ఒక్కటే మార్చు, అప్పుడు ఏ రుచి దేనివల్ల వచ్చిందో నీకే తెలుస్తుంది.

కృష్ణాతీరం (మెల్‌బోర్న్)

క్వైక్ మంచి ఎంపిక. ఒక్క జాగ్రత్త, మరీ తేలికైన బీరులో దానికి తిండి చాలక ఆగిపోతుంది. 1.050 పైన ఉంటే పర్వాలేదు. తక్కువ చేస్తే చిటికెడు ఈస్ట్ న్యూట్రియెంట్ వేయండి. అన్నట్టు, ఆ రెండున్నర గ్యాలన్ల సంచి బ్యాచ్‌ని నేను మర్చిపోలేదు.

పాలమూరు_ప్లేనో (ప్లేనో, టెక్సాస్)

నేను కూడ మర్చిపోలే అన్నా. మెష్ సంచికి ఆర్డర్ పెట్టిన. క్వైక్‌ది ముందు చేస్త, రీడింగులు ఇక్కడనే పెడత.